గడప దగ్గర ఆగిపోయిన మాట

ఇరవై రెండేళ్ళుగా నాకొక సందేహం ఉంది. ఒకనాటి ఉదయం మా ఆవిడ గడప దగ్గర నిలబడి నాతో ఏం చెప్పబోయింది?

ఆ రోజు ఉదయం షిఫ్టుకి ఆలస్యమై పరుగు మీద ఉన్నాను. ఒక కాలు చెప్పులో, ఒక కాలు బయట. ఆవిడ టిఫిన్ క్యారియర్ నా చేతికిస్తూ, "ఏమండీ, మీకో సంగతి చెప్పాలి. నిన్న నేను..." అంది. అంతవరకే అంది. మిగతాది నేను అందుకున్నాను. "తెలుసులే, గ్యాస్ అయిపోయింది. సాయంత్రం వచ్చేటప్పుడు చెప్పొస్తాను" అని రెండో కాలు కూడా చెప్పులో దూర్చేశాను. ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. తర్వాత, "ఆఁ, అదే" అంది.

సాయంత్రం ఇంటికొచ్చి సిలిండర్ ఎత్తి చూశాను. కదిలితేనా! నిండుగా ఉంది.

అప్పటినుంచీ అడుగుతూనే ఉన్నాను. అడగడమంటే నా పద్ధతిలో అడగడం. "ఆ రోజు నువ్వు చెప్పబోయింది కుళాయి కారుతున్న సంగతే కదూ?" అంటే, "ఆఁ, అదే" అంది. మరో ఏడాది, "మీ అన్నయ్య వస్తానని కబురు పెట్టాడు, అవునా?" అన్నాను. "ఆఁ, అదే." ఒకసారి బాగా ఆలోచించి, "అమ్మాయి కడుపులో పడ్డ సంగతి కాదూ?" అన్నాను. దానికీ అదే జవాబు. వేళ్ళ మీద లెక్క వేసుకుంటే అమ్మాయి పుట్టింది ఆ తర్వాత రెండేళ్ళకి. ఇలా ఇప్పటికి పదకొండు సమాధానాలు నేనే చెప్పాను. పదకొండింటినీ ఆవిడ ఒప్పుకుంది. అన్నీ నిజమయ్యే అవకాశం లేదు కాబట్టి ఒక్కటీ నిజం కాదని నాకు తెలుసు.

నా నోటి గురించి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. పదో తరగతితో చదువు ఆపేసి ప్రింటింగ్ ప్రెస్సులో చేరాను. ముప్పై ఏళ్ళు మెషిన్ మీద పనిచేశాను. నాలుగు మెషిన్లు ఒక్కసారి తిరిగితే హాల్లో నేల కూడా వణుకుతుంది. పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అందుకని అక్కడ అందరం పెదవులు చూసి మాట అర్థం చేసుకుంటాం. అందులో నేను మరీ ముదిరిపోయాను. ఎదుటివాడు నోరు తెరిస్తే చాలు, జవాబు చెప్పేసేవాణ్ణి. ఆ హాల్లో ఎవరైనా ఏం చెబుతారు? ఇంకు తగ్గింది, కాగితం చిక్కుకుంది, ప్లేటు మార్చాలి, టీ వచ్చింది. ఆ నాలుగింట్లో ఒకటి అనుకుంటే చాలు. హాల్లో దాన్ని నేర్పు అన్నారు. గుమ్మం దాటి బయటికొస్తే తెగులు అన్నారు. ప్రెస్సులో అందరూ నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "ముందుమాట" అని పిలవడం మొదలుపెట్టారు.

ఆ హాలు నాకు ఇంకొక మేలు కూడా చేసింది. ఎవరికీ వినపడదు కాబట్టి హాయిగా పాడుకునేవాణ్ణి. చిన్నప్పుడు మా అమ్మ నేర్పిన దేవుడి పాట ఒకటే నాకు వచ్చు, నాలుగు చరణాలు. రోజుకి ఎన్నిసార్లు పాడేవాణ్ణో లెక్క లేదు. ఇంట్లో ఎన్నడూ నోరెత్తి పాడలేదు, సిగ్గు. ఇంత గోలలో ఆ దేవుడికైనా వినపడుతోందా అని అప్పుడప్పుడు అనిపించేది. వినపడకపోతే మాత్రం ఏం, ఆయనకి పెదవులు చదవడం రాకుండా ఉంటుందా అని సర్దిచెప్పుకునేవాణ్ణి.

నిరుడు మోకాళ్ళు మొరాయించాయి. మెషిన్ దగ్గర నిలబడొద్దని డాక్టరు చెప్పాడు. మా యజమాని మంచివాడు, నన్ను ముందు గదిలో కౌంటర్ మీద కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ళతో మాట్లాడి ఆర్డర్లు రాసుకోవడం పని. పదో రోజున ఒక పెద్దమనిషి వచ్చాడు. "మా నాన్నగారిది, ఒక రెండు వందల కార్డులు..." అన్నాడు. నేను అందుకున్నాను. "పుట్టినరోజా! శుభం! ఎన్నో ఏడు? చుట్టూ బెలూన్లు వేసి బంగారు అంచు కొడదాం, చూడండి" అని నమూనా తీసి ఆయన ముందు పరిచాను. ఆయన తండ్రి పోయి అప్పటికి మూడు రోజులైంది.

మా యజమాని ఆయన్ని బతిమాలి కూర్చోబెట్టి, కార్డులు ఉచితంగా అచ్చు వేయించి పంపాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"ఏమయ్యా ముందుమాటా, చచ్చిపోయిన మనిషికి బెలూన్లు కడతావా?"

"తప్పయిపోయింది, బాబూ."

"తప్పు కాదు, రోగం. మన ఊరి కాలేజీలో శనివారం మధ్యాహ్నాలు ఉద్యోగస్తులకి మాట్లాడటం నేర్పుతున్నారట. ఎనిమిది వారాలు. ఫీజు నేను కడతాను. సర్టిఫికెట్ తెచ్చుకుంటే కౌంటర్ నీది. లేకపోతే..."

"మళ్ళీ మెషిన్ మీదికా?"

"చూశావా! నన్ను కూడా చెప్పనివ్వవు. మెషిన్ కాదు, గోడౌను. కాగితం కట్టలు చూసుకుంటూ కూర్చో. వాటితో ఎంత మాట్లాడినా ఎవరి మనసూ నొచ్చుకోదు."

గోడౌనులో కిటికీ లేదు. మనిషి జాడ అసలే లేదు. నేను కాలేజీలో చేరాను.

ఇంట్లో ఈ కబురు చెప్పిన పూట మా అమ్మాయి నవ్వి నవ్వి మంచం మీద పడింది. "మాట్లాడటం నేర్చుకోవడానికి నువ్వా నాన్నా? నీకు ఆపడం నేర్పే కాలేజీ కదా కావాల్సింది!" అంది. మా ఆవిడ మాత్రం పుస్తకం పెట్టుకోవడానికి ఒక సంచి వెతికి ఇచ్చింది.

క్లాసులో పద్నాలుగు మందిమి. మేడమ్ మా అమ్మాయికంటే నాలుగైదేళ్ళు పెద్ద ఉంటుందేమో. మెల్లగా మాట్లాడుతుంది. ఆవిడ మాట వినాలంటే అందరూ నోరు మూసుకోవాల్సిందే. అది కూడా పాఠమేనని తర్వాత అర్థమైంది. నా పక్కన కూర్చున్నవాడు బస్సు కండక్టరు, నలభై ఏళ్ళుంటాయి. ఇద్దరిద్దరు జతకట్టి రెండు నిమిషాలు మాట్లాడుకుని, తర్వాత పక్కవాళ్ళని క్లాసుకి పరిచయం చేయమంది మేడమ్.

కండక్టరు చాలాసేపు బల్ల వంక చూశాడు. తర్వాత, "నాకు ఇద్దరు..." అన్నాడు.

నేను లేచి పరిచయం చేశాను. "ఈ తమ్ముడు బస్సు కండక్టరు. ఈయనకి ఇద్దరు పిల్లలు. వాళ్ళ చదువుల కోసం కష్టపడుతున్నాడు. చాలా బాధ్యత గల మనిషి."

క్లాసంతా చప్పట్లు కొట్టింది. కండక్టరు లేచి నిలబడ్డాడు. "నాకు పెళ్ళి కాలేదండీ" అన్నాడు. కాసేపాగి, "నాకు ఇద్దరు పై ఆఫీసర్లు. ఇద్దరూ నన్ను మాట్లాడమనే పంపారు" అని కూర్చున్నాడు.

తర్వాత తెలిసింది, పదిహేనేళ్ళలో ఆయన ప్రయాణికులతో అన్న మాట ఒక్కటేనట, "ముందుకి జరగండి." ఈ బస్సు ఫలానా చోటికి వెళ్తుందా అంటే తలూపుతాడు. ఆ ఊపు ఔనో కాదో ఎవరికీ తెలీదు. జనం ఫిర్యాదు రాశారు. మాట ఆగని నన్నూ, మాట రాని ఆయన్నీ పక్కపక్కన కూర్చోబెట్టింది దేవుడో మేడమో చెప్పలేను.

మూడో వారం మేడమ్ మాకొక మందు చెప్పింది. ఎదుటివాళ్ళు మాట ఆపగానే మనం మొదలుపెట్టకూడదు. లోపల ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకోవాలి. చాలాసార్లు అసలు మాట ఆ మూడింటి లోపలే వస్తుందట.

ఆ సాయంత్రమే ఇంట్లో మొదలుపెట్టాను. మా ఆవిడ, "పాలు విరిగిపోయాయి" అంది. నేను ఆవిడ వంకే చూస్తూ ఒకటి, రెండు...

"ఏమైందండీ? వంట్లో బాగాలేదా?" అని నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"అమ్మా, కంగారు పడకు. నాన్న హ్యాంగ్ అయ్యాడు. ఆపి మళ్ళీ ఆన్ చెయ్యి" అంది మా అమ్మాయి.

కౌంటర్ దగ్గర లెక్కపెడుతుంటే ఒకావిడ నేను కళ్ళు తెరిచి నిద్రపోతున్నాననుకుని బల్ల మీద తట్టింది. అయినా మానలేదు. వారం తిరిగేసరికి ఒక వింత గమనించాను. రసీదు పుస్తకాల కోసం వచ్చిన మనిషి రసీదు పుస్తకాలని చెప్పి ఆగాడు. ఒకటి, రెండు, మూడు. అప్పుడు ఆయన, "నిజానికి మాకు రసీదులు అక్కర్లేదేమోనండీ, చిన్న చీటీలు చాలేమో" అన్నాడు. పాత నేనైతే ఈపాటికి ఐదు వందలు అచ్చు వేసి ఉండేవాణ్ణి.

పొద్దున దేవుడి ముందు కూర్చున్నప్పుడు కూడా ప్రయత్నించాను. ఇన్నేళ్ళుగా నేను అడగాల్సినవి గబగబా అడిగేసి, ఆయన చెప్పాల్సినవి కూడా నేనే చెప్పేసుకుని లేచిపోయేవాణ్ణి. "సరేలే స్వామీ, ఓపిక పట్టమంటావు, అంతేగా" అని. ఆ రోజు మొదటిసారి మూడు లెక్కపెట్టాను. ఆయన ఏమీ అనలేదు. కానీ ఆ మూడు అంకెల మేర గదిలో గడియారం చప్పుడు వినపడింది. ఆ గదిలో గడియారం ఉందన్న సంగతే మర్చిపోయాను.

ఇక ఆఖరి పరీక్ష. ఇంటినుంచి ఒకరిని తీసుకురావాలి. వాళ్ళు ఐదు నిమిషాలు మాట్లాడతారు. మనం వినాలి. మధ్యలో అడ్డొచ్చినప్పుడల్లా మేడమ్ బోర్డు మీద ఒక గీత గీస్తుంది. మూడు గీతలు పడితే సర్టిఫికెట్ లేదు. ఐదు నిమిషాలయ్యాక, మనం విన్నది మన కల్పన కలపకుండా తిరిగి చెప్పాలి.

మా ఆవిణ్ణి రమ్మన్నాను.

"ఐదు నిమిషాలు మీరు నోరు కట్టుకుని కూర్చుంటారా?"

"కూర్చోవాలి."

"టిక్కెట్టు పెట్టినా వస్తాను" అంది.

నేను, "ఏం మాట్లాడతావు?" అన్నాను. ఆవిడ గిన్నె తుడుస్తూ, "చూద్దాం" అంది. ఇరవై రెండేళ్ళ నాటి గడప కళ్ళముందు కదిలింది. ఆ మాట ఈవిడ ఇప్పుడు చెబుతుందేమో. పద్నాలుగు మంది ముందు. నేను ఆవిణ్ణి ఏదో బాధ పెట్టి ఉంటాను. మా అమ్మ ఏదో అని ఉంటుంది. లేక తను పుట్టింటికి పోదామనుకుందేమో. పన్నెండో ఊహ, పదమూడో ఊహ, వరసగా వచ్చేస్తున్నాయి. వెనకటిలా వాటిని పైకి అనలేదు. అదొక్కటే నేను అప్పటికి సాధించిన ప్రగతి.

శనివారం వచ్చింది. బల్లలు గోడ వారకి జరిపి, మధ్యలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశారు. మా ఆవిడ బాగా సర్దుకుని కూర్చుంది. కండక్టరు నా వెనకే నిలబడ్డాడు. తన పరీక్ష అప్పటికే అయిపోయింది. వాళ్ళ అక్క ఐదు నిమిషాలు తిట్టింది, ఆయన హాయిగా విన్నాడు. తిరిగి చెప్పమంటే ఒక్క తిట్టు కూడా వదలకుండా ఒప్పజెప్పాడు. జీవితంలో ఆయన అంతసేపు మాట్లాడటం అదే మొదలని వాళ్ళక్క కళ్ళు తుడుచుకుంది.

మేడమ్ గడియారం చూసి, "మొదలుపెట్టండమ్మా" అంది.

"మొన్న మా పక్కింటావిడ వచ్చింది" అని మొదలుపెట్టింది మా ఆవిడ. "వాళ్ళ పెద్దమ్మాయికి..."

"సంబంధం కుదిరింది" అన్నాను.

బోర్డు మీద సుద్ద కిర్రుమంది. ఒక గీత. మా ఆవిడ నా వంక జాలిగా చూసి, "పన్ను పీకించారట" అంది. క్లాసు ఘొల్లుమంది.

"దానికి వాపు తగ్గాలని ఏదో పెట్టుకోమన్నారట. అదేదో ఉంటుంది చూడండి, చల్లగా, సంచిలాగా..."

ఆవిడ ఆ మాట కోసం తడుముకుంటోంది. నా నాలుక చివర ఆ మాట గంతులేస్తోంది. సాయం చేయడం తప్పెలా అవుతుంది? "ఐసు సంచి!" అన్నాను.

రెండో గీత.

వెనకనుంచి కండక్టరు నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు. బస్సులో కడ్డీని పట్టుకున్నట్టు ఆ చేతిని నేను పట్టుకున్నాను. గోడౌను తలుపు మూసుకుంటున్న చప్పుడు చెవిలో మోగింది.

మా ఆవిడ ఆ రెండు గీతల వంక చూసింది. ఒళ్ళో చేతులు సర్దుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "ఇరవై రెండేళ్ళ కిందట ఒకరోజు పొద్దున ఈయన చెప్పులేసుకుంటుంటే ఒక సంగతి చెప్పబోయాను" అంది. "నిన్న నేను, అన్నాను. ఆ నిన్న ఏమైందంటే..."

ఆగింది. ఒకటి. రెండు. మూడు. నేను నాలుగు కూడా లెక్కపెట్టాను.

"ఈయన ఆ నిన్న క్యారియర్ మర్చిపోయి వెళ్ళారు. నేనే పట్టుకుని ప్రెస్సుకి వెళ్ళాను. వాచ్‌మన్ లోపలికి పొమ్మన్నాడు. ఆ హాలు తలుపుకి ఇంత అద్దం ముక్క ఉంటుంది. అందులోంచి చూశాను. ఈయన పాడుతున్నారు."

నా చేతిలో ఉన్న కండక్టరు చేతిని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. పాపం, ఆయన కిక్కురుమనలేదు.

"నోరంతా తెరిచి, కళ్ళు సగం మూసుకుని, మెషిన్ మీద చేత్తో తాళం వేసుకుంటూ పాడుతున్నారు. నాకు ఒక్క ముక్క వినపడలేదు. అంత గోల. కానీ మొహం చూస్తే తెలుస్తోంది, అది దేవుడి పాటని. అప్పటికి మా పెళ్ళయి నాలుగేళ్ళు. ఈయన పాడతారన్న సంగతే నాకు తెలీదు. పావుగంట అలాగే నిలబడ్డాను. లోపలికి వెళ్తే ఆపేస్తారు కదా. క్యారియర్ వాచ్‌మన్‌కిచ్చి వచ్చేశాను."

ఎవరూ నవ్వడం లేదు.

"ఆ పాటేదో నాకోసారి పాడండి అని మర్నాడు అడుగుదామనుకున్నాను. ఈయన గ్యాస్ అన్నారు. సరే, గ్యాసే అనుకోనీ అనుకున్నాను. తర్వాత చెబుదామనుకున్నానండీ. కానీ నేను నోరు తెరిస్తే చాలు, ఈయనకి మిగతాదంతా తెలుసు. ఈయన ఊహకి అందనిది నాకంటూ ఒక్కటైనా ఉంటే బాగుంటుందనిపించింది. దాచుకున్నాను. ఈయన ఏది అడిగితే దానికి ఆఁ, అదే అన్నాను. అబద్ధమే. దేవుడికి ఎప్పటికప్పుడు లెంపలేసుకుని చెప్పేస్తూనే ఉన్నాను." అంటూ మేడమ్ వైపు తిరిగి, "ఐదు నిమిషాలయ్యాయా అమ్మా?" అంది.

ఆరు అయ్యాయట. గడియారం చూడటం మేడమ్ కూడా మర్చిపోయింది.

ఇప్పుడు నేను తిరిగి చెప్పాలి. నా లోపల ఏవేవో తిరుగుతున్నాయి. ఆ రోజు మధ్యాహ్నం క్యారియర్ నా చేతికిచ్చింది వాచ్‌మన్. ఎవరు తెచ్చారని నేను అడగలేదు, నాకు తెలుసనుకున్నాను. ఇంత గోలలో ఎవరికి వినపడుతుందని పాడినన్నాళ్ళూ అనుకున్నాను. దేవుడు విన్నాడో లేదో గానీ, ఒకరిని అద్దం దగ్గర నిలబెట్టి ఉంచాడు. ఇవన్నీ నా మాటలు. కలపకూడదు.

"ఆవిడ నన్నొక పాట పాడమని అడిగింది. నేను ఇంకా పాడలేదు" అన్నాను.

"అంతేనా?" అంది మేడమ్.

"అంతే, మేడమ్."

మేడమ్ కూడా మూడు లెక్కపెట్టుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత బోర్డు దగ్గరికి వెళ్ళి రెండు గీతలూ చేత్తోనే తుడిచేసింది.

క్లాసయ్యాక గుమ్మం దగ్గర నేను కాస్త ఆగితే, వెనకనుంచి కండక్టరు గొంతు వినపడింది. "ముందుకి జరుగన్నా. వదిన నీకోసం ఆగింది."

మర్నాడు ఆదివారం. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాక మా ఆవిడ స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. అమ్మాయి బయటికి వెళ్ళింది. వెళ్ళేదాకా నేనే ఆగాను.

"నవ్వకూడదు" అన్నాను.

"నవ్వను."

నోరు తెరిచాను. ఒక కీచు శబ్దం వచ్చింది. ఆవిడ నవ్వింది. మళ్ళీ తెరిచాను. ఈసారి అదీ రాలేదు. ఇన్నేళ్ళు పాడాను కానీ నా గొంతు ఎలా ఉంటుందో నేనెన్నడూ వినలేదు. ఇంత నిశ్శబ్దంలో పాడటం నాకు చేతకాదు.

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. లేచి స్నానాలగది పక్కకి వెళ్ళి వాషింగ్ మెషిన్ ఆన్ చేసింది. మాది పాత మెషిన్. తిరుగుతుంటే కాళ్ళొచ్చినట్టు నడుస్తుంది, గిన్నెలన్నీ కదులుతాయి. నేను వెళ్ళి దాని పక్కన నిలబడ్డాను. మూత మీద చెయ్యి వేశాను. నేల వణుకుతోంది. కళ్ళు సగం వాటంతటవే మూసుకున్నాయి.

మొదటి చరణం పాడాను. రెండోది పాడాను. మూడో చరణం మధ్యలో మెషిన్ టక్కున ఆగిపోయింది. అప్పుడు ఇంట్లో ఎవరిదో గొంతు వినపడింది. కొంచెం బొంగురుగా, కొంచెం పక్కకి పోతూ. నాదే. ఆపేద్దామా అనిపించి కళ్ళు తెరిచాను. ఆవిడ తలుపుకి ఆనుకుని చూస్తోంది. నా పెదవుల వంకే.

నాలుగో చరణం కూడా పాడేశాను.

పాట అయిపోయింది. బావుందా అని అడగబోయి ఊరుకున్నాను. ఒకటి, రెండు, మూడు.

"ఆఁ" అంది మా ఆవిడ. "అదే."